అమ్మగారి చుక్కల మందు బాబుకి వేయొచ్చా?

అమ్మగారి శుక్లాల ఆపరేషన్‌కి ఇచ్చిన ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ చుక్కలు మిగిలితే, బాబు కళ్లు ఎర్రబడి దురద పెడుతున్నాయని నాలుగు రోజులుగా అవే వేస్తున్నామన్నారు కదండీ. ఇక వేయకండి. ఆ సీసా పట్టుకుని రేపే కంటి డాక్టర్‌ దగ్గరికి వెళ్లండి. ఎరుపు తగ్గిందని మురిసిపోవద్దు. స్టెరాయిడ్ వాపును అణిచేస్తుంది గానీ, లోపల హెర్పిస్ వైరస్ ఉంటే దాన్ని రెచ్చగొడుతుంది. వారాల తరబడి వాడితే కంట్లో ప్రెషర్ పెరగొచ్చు. నొప్పి కూడా ఉండదు, చూపు తగ్గాకే తెలుస్తుంది. పైగా మూత తీసి నెల దాటిన సీసా ఎలాగూ పారేయాల్సిందే.

డాక్టరే రాస్తే సరే, వాడొచ్చు. మందు అడుగున తెల్లగా పేరుకుంటుంది కాబట్టి బాగా కుదిపి, ఒక్క చుక్క వేసి, ముక్కు పక్కన కంటి మూల ఒక నిమిషం నొక్కి పట్టండి. తగ్గిందని మధ్యలో మానేయకుండా ఆయన చెప్పినట్టే రోజుకి ఎన్నిసార్లన్నది తగ్గించుకుంటూ రండి.