లైర్ మీద ఇప్పుడు వినిపించే హోమర్ బాణీ నిజంగా పాతదేనా?

కాదు, ఇప్పుడు ఎవరైనా లైర్ (ప్రాచీన గ్రీకుల తీగల వాయిద్యం) మీటుతూ, గ్రీకు కవి హోమర్ కావ్యం ఇలియడ్ పాడితే అందులో లయ చాలావరకు పాతదే, బాణీ మాత్రం ఇప్పటివాళ్లు కట్టుకున్నది. హోమర్ కావ్యాలు నోటిమాటగా పాడుతూ వచ్చినవి, వాటికి స్వరాలు రాసిన ప్రతి ఏదీ మనకు దక్కలేదు.

మరి లయ ఎలా తెలిసిందంటారా? ఆ పద్యం కూడా మన ఛందస్సులాగే గురులఘువుల మీద నడుస్తుంది. పాదానికి ఆరు గణాలు, ఒక్కోటి మన భగణం (ఒక గురువు, రెండు లఘువులు) లాంటిది లేదా రెండు గురువులు, చివరిది మాత్రం ఎప్పుడూ రెండక్షరాలే. ఇలియడ్ మొదటి పాదం చూడండి: "కోపాన్ని పాడు, దేవీ" అని అర్థమొచ్చే ఆ ఎత్తుగడను పాడేటప్పుడు "మేనిన, ఎయ్‌దెథె" అని విరుగుతుంది, రెండూ అచ్చంగా భగణాలే! పైగా ప్రాచీన గ్రీకులో మాటలోనే స్వరం పైకీ కిందికీ పోయేది కాబట్టి, కొందరు ఆ ఎత్తుపల్లాలను పట్టుకుని, హోమర్ కాలపు వాయిద్యానికి నాలుగు తీగలనే అంచనాతో నాలుగు స్వరాల్లోనే బాణీ అల్లుతారు. తర్కం బాగానే ఉంది, కానీ ఊహ ఊహే.

చాలామంది పొరబడేది సెయ్‌కిలోస్ పాట అనే ప్రాచీన గ్రీకు పాట దగ్గర, దాన్ని చూసి హోమర్ బాణీ కూడా దొరికిందనుకుంటారు. దాని స్వరాలు రాతి మీద పూర్తిగా దొరికాయి, నిజమే. కానీ అది సమాధి రాయి మీది చిన్న పాట, పురాణగాథ కాదు, హోమర్ తర్వాత ఎన్నో వందల ఏళ్లకు రోమన్ల కాలంలో చెక్కింది.