ప్రాసెస్ సంఖ్యల పరిమితిని పెంచవచ్చా?

ప్రశ్న: మా లినక్స్ సర్వర్‌లో మెమరీ ఖాళీగా ఉన్నా కొత్త ప్రాసెస్‌లు (నడిచే ప్రోగ్రాములు) మొదలు కావడం లేదు. పీఐడీ (ప్రతి ప్రాసెస్‌కూ ఇచ్చే గుర్తింపు సంఖ్య) గరిష్ఠ పరిమితి 32768గా ఉంది. దాన్ని పెంచితే ప్రమాదమా?

జవాబు: 64 బిట్ యంత్రమైతే నిస్సంకోచంగా పెంచుకోవచ్చు, లినక్స్ మూల భాగమైన కెర్నెల్ 4194304 వరకు అనుమతిస్తుంది, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ ప్రోగ్రామ్‌లో 2019లో వచ్చిన 243వ వెర్షన్ నుంచి ఆ విలువే డిఫాల్ట్‌గా అమరుతోంది. ప్రతి థ్రెడ్‌కూ (ప్రాసెస్ లోపల సమాంతరంగా నడిచే పని) విడిగా ఒక సంఖ్య ఖర్చవుతుంది కనుక, వందలాది థ్రెడ్లు నడిపే జావా అప్లికేషన్లు ఎక్కువగా ఉన్నచోట, పీఎస్ కమాండ్ చూపే ప్రాసెస్‌ల జాబితా చిన్నదిగానే కనిపిస్తున్నా సంఖ్యలు నిండుకోవచ్చు. ఆ కమాండ్‌కు పెద్ద ఎల్ ఆప్షన్ జోడిస్తే థ్రెడ్లన్నీ బయటపడతాయి. కెర్నెల్ సెట్టింగులు మార్చే సిస్‌సీటీఎల్ కమాండ్‌తో మార్చిన విలువ రీబూట్‌తో పోతుంది, దాన్ని కాన్ఫిగరేషన్ ఫైలులోనూ రాయాలి. అయితే యూజర్‌కు, సీగ్రూప్‌కు (వనరుల పరిమితి కోసం కలిపిన ప్రాసెస్‌ల గుంపు) విడిగా ఉండే పరిమితులను ముందు తప్పక చూడండి. అడ్డు అక్కడే ఉంటే ఈ మార్పు వల్ల ప్రయోజనం ఉండదు.