ఏఐ బ్రాంచిలో చేరుతున్న బుజ్జికి

బుజ్జీ,

సీఎస్‌ఈలో ఏఐ (కృత్రిమ మేధ), ఎంఎల్ (మెషిన్ లెర్నింగ్) బ్రాంచి సీటు వచ్చిందని అక్క ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషమనిపించింది. మామూలు సీఎస్‌ఈకి మారిపోవాలేమోనని టెన్షన్ పడుతున్నావట. అక్కర్లేదమ్మా. మొదటి రెండేళ్లు రెండింటి సిలబస్ చాలావరకు ఒకటే ఉంటుంది. మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు మద్రాసు గిండీ కాలేజీలో చదివింది సివిల్ ఇంజనీరింగ్. తర్వాత మనిషి మాటను కంప్యూటర్‌ గుర్తుపట్టేలా చేసే పరిశోధనలోకి వెళ్లారు, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. కాబట్టి బ్రాంచి పేరు గురించి ఇక ఆలోచించకు.

నేను గట్టిగా చెప్పాలనుకున్నది లెక్కల గురించి. ఈఏపీసెట్ అయిపోయింది కదా అని ఇంటర్ పుస్తకాలు ఎవరికీ ఇచ్చేయకు. 1ఏలో చదివిన మ్యాట్రిసెస్, వెక్టర్లు, 1బీలో డిఫరెన్షియేషన్, 2ఏలో బేయస్ థీరమ్, రాండమ్ వేరియబుల్స్... ఏఐకి పునాది ఇవే. న్యూరల్ నెట్‌వర్కులకు, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రాములకు, శిక్షణనిచ్చే బ్యాక్‌ప్రాపగేషన్ పద్ధతి 1986లో రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ రాసిన పేపర్‌తో బాగా ప్రచారంలోకి వచ్చింది. దాని లోపల పనిచేసేది నీకు తెలిసిన చైన్ రూలే. అయితే పరీక్ష కోసం మీరంతా షార్ట్‌కట్లతో ఆప్షన్ పట్టుకోవడం నేర్చుకున్నారు. ఇప్పుడు టైమ్ పెట్టుకుని చదువు. మ్యాట్రిక్స్‌తో వెక్టర్‌ని గుణిస్తే ఆ వెక్టర్ ఎటు తిరిగింది, ఎంత సాగింది అన్నది కాగితం మీద గీసి చూసుకో.

రెండో ఏడాదిలోపు ఒక పని చెయ్యి. ఎమ్‌నిస్ట్ అని చేత్తో రాసిన అంకెల బొమ్మల డేటా ఉంది. శిక్షణకు 60,000, పరీక్షకు 10,000 బొమ్మలు. ఒక్కో బొమ్మ 28 అడ్డం, 28 నిలువు చుక్కలు, అంటే 784 సంఖ్యలు. పైటార్చ్ లాంటి రెడీమేడ్ ఏఐ లైబ్రరీ ముట్టుకోకుండా, ఒట్టి పైథాన్, సంఖ్యల పట్టికలతో లెక్కలు చేసే నమ్‌పైతో వాటిని గుర్తుపట్టే చిన్న నెట్‌వర్క్ రాయి. గ్రేడియెంట్లు, అంటే ఏ సంఖ్యను ఎటు మారిస్తే తప్పు తగ్గుతుందో చెప్పే డెరివేటివ్‌లు, నువ్వే కాగితం మీద కట్టాలి. మామూలు లాప్‌టాప్ చాలు, ఖరీదైన జీపీయూ కార్డు కొనిపెట్టమని మీ నాన్నని అడగకు.

సరిగ్గా గుర్తుపట్టినవి 90 శాతం దాటగానే స్క్రీన్‌షాట్ తీసి ఆగిపోతారు చాలామంది. అసలు చదువు అక్కడి నుంచే మొదలవుతుంది. నీ ప్రోగ్రామ్ తప్పుగా చెప్పిన బొమ్మలన్నీ బయటికి తీసి ఒక్కొక్కటే చూడు. 4ని 9 అని ఎందుకు అంది? రాసినవాళ్ల చేతిరాత వల్లా, నీ మోడల్ వల్లా? పరీక్షకు పెట్టిన బొమ్మల్ని చూసుకుంటూ మోడల్‌ని మార్చుకుంటూ పోతే వచ్చే మార్కుకి విలువ లేదు. అది ప్రశ్నపత్రం ముందే చేతికొచ్చినట్టు. అందుకే శిక్షణ బొమ్మల్లోనే కొన్నిటిని విడిగా పెట్టుకుని, మార్పులన్నీ వాటి మీద సరిచూసుకో. ఇంటర్వ్యూల్లో నేను అడిగేది ఇదే: "నీ మోడల్ ఎక్కడ తప్పింది?" జవాబు చెప్పగలిగే పిల్లలు అరుదు. చెప్పినవాళ్లని వదులుకోబుద్ధి కాదు.

చాట్‌జీపీటీ వాడొద్దని అనను. ముందు నీ ప్రోగ్రామ్ నువ్వు రాయి. పనిచేయకపోతే కాసేపు దానితో కుస్తీ పట్టు. ఆ తర్వాత చూపించి తప్పులు పట్టమను. అసైన్‌మెంట్ మొత్తం దానిచేత రాయిస్తే మార్కులొస్తాయి, చెయ్యి మాత్రం తిరగదు.

డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్ (డేటాబేస్‌ల సబ్జెక్టు)ని పక్కన పెట్టకు. ఉద్యోగంలో సగం రోజు డేటా తేవడానికి, శుభ్రం చేయడానికే పోతుంది. కాలేజీలో పాఠం అర్థం కాకపోతే ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల వీడియోలు ఉచితంగా ఉన్నాయి. ఒక్క కోర్సు ఎంచుకుని చివరిదాకా చూడు. సర్టిఫికెట్లు పోగెయ్యడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఫైనల్ ఇయర్‌లో రెడీమేడ్ ప్రాజెక్టు కొనే ఆలోచనే పెట్టుకోకు. తెలుగు మీద పని చెయ్యి, చేయాల్సింది బోలెడుంది. కంప్యూటర్‌లో అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైట్ సరిపోతే, మన అక్షరానికి, గుణింతపు గుర్తుకి తలా మూడు బైట్లు పడతాయి. చాలా భాషా మోడళ్లు మన మాటల్ని ముక్కలుముక్కలుగా విరగ్గొట్టి చదువుతాయి. అది ఎంత నష్టం చేస్తోందో కొలిచి చూపించినా మంచి ప్రాజెక్టే. మీ తాతయ్య మాట్లాడే యాసను ఫోన్ ఎంతవరకు పట్టుకుంటోందో రికార్డు చేసి లెక్క తేల్చినా మంచిదే. ఆయన్ని అడిగి ఒప్పించే రికార్డు చెయ్యి.

దసరా సెలవులకి వచ్చేటప్పుడు లాప్‌టాప్, 1ఏ పుస్తకం రెండూ తెచ్చుకో. మ్యాట్రిసెస్‌తో మొదలుపెడదాం.

ఆశీస్సులతో,
మావయ్య