జవాబుల పేజీ: ఐఫోన్‌ను ఆపేసిన తెలుగు అక్షరం, మరికొన్ని సంగతులు

ప్రశ్న: విశాఖపట్నంలో గూగుల్ డేటా సెంటర్ వస్తే ఇక్కడ మా ఇంటర్నెట్ వేగం కూడా పెరుగుతుందని మా వీధిలో అందరూ చెప్పుకుంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, దర్గామిట్ట, నెల్లూరు

జవాబు: గూగుల్ ఆ ప్రకటన చేసింది 2025 అక్టోబరు 14న. 2026 నుంచి 2030 వరకు ఐదేళ్లలో సుమారు 1,500 కోట్ల డాలర్లు ఖర్చు పెడతామని, కృత్రిమ మేధ అవసరాలకు భారీ డేటా సెంటర్‌తో పాటు సముద్రం అడుగున వచ్చే కేబుళ్లు ఒడ్డుకు చేరే కేంద్రాన్ని కూడా నిర్మిస్తామని చెప్పింది. రాష్ట్రానికి ఇది పెద్ద వార్తే. అయితే మీ ఇంట్లో వీడియో మధ్యలో ఆగిపోయి గుండ్రంగా తిరుగుతూ ఉండటానికీ దీనికీ సంబంధం చాలా తక్కువ. ఫైబర్ తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. ఆ లెక్కన 600 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న విశాఖ నుంచి సమాచారం నెల్లూరు చేరడానికి సెకనులో వెయ్యో వంతులు మూడు పడితే, 175 కిలోమీటర్ల దూరంలోని చెన్నై నుంచి అందులో ఒక్క వంతు కూడా పట్టదు. సముద్ర కేబుళ్లు చెన్నైలో ఎప్పటి నుంచో ఒడ్డెక్కుతూనే ఉన్నాయి గనుక ఈ విషయంలో నెల్లూరు వెనకబడి ఉన్నది ఏనాడూ లేదు.

మీకు ఆలస్యం జరుగుతున్నది చివరి అరకిలోమీటరులో. రాత్రి భోజనాల వేళకు వీధిలోని ఫోన్లన్నీ ఒకే టవర్ మీద పడటం, స్తంభం నుంచి ఇంటికి లాగిన వైరు మెలికలు తిరిగి ఉండటం, వై-ఫై పెట్టెను ఇనుప బీరువా వెనక దాచడం వంటివి అసలు కారణాలు. ముందు ఆ పెట్టెను బీరువా వెనక నుంచి హాల్లోకి తెచ్చి చూడండి. విశాఖ కేంద్రం వల్ల నిజంగా కలిగే మేలు మరొకటి ఉంది. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు మన దేశంలోనూ ఇంటర్నెట్ నెమ్మదించింది. అటువంటి సమయాల్లో తూర్పు తీరాన ఇంకొక దారి ఉండటం అక్కరకు వస్తుంది.

ప్రశ్న: ఒకే ఒక్క తెలుగు అక్షరం పంపితే ఐఫోన్లు ఆగిపోయేవని మా లెక్చరర్ గారు చెప్పారు. ఇది జరిగిందా, కట్టుకథా? అలాగే, ఇంగ్లీషు ఎస్ఎంఎస్ కంటే తెలుగు ఎస్ఎంఎస్ త్వరగా రెండు ముక్కలు ఎందుకవుతుంది?
– డిగ్రీ విద్యార్థిని, ఒంగోలు

జవాబు: జరిగింది. 2018 ఫిబ్రవరిలో, ఐఓఎస్ (ఐఫోన్‌ను నడిపించే ఆపిల్ సాఫ్ట్‌వేర్) 11.2.5 నడుస్తున్న ఐఫోన్లలో ‘జ్ఞా’ అనే అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో తెరమీదికి వస్తే ఆ యాప్ మూతపడేది. అదే నోటిఫికేషన్‌గా వస్తే ఫోను మొత్తం మళ్లీ మళ్లీ మొదలవుతూ చేతికి చిక్కేది కాదు. జ్ఞానం అని మామూలుగా రాసుకున్నవారికి ఏ ఇబ్బందీ లేదు. ఎందుకో తెలియాలంటే యంత్రం తెలుగును ఎలా దాచుకుంటుందో చూడాలి. మనకు ఒకటిగా కనిపించే ‘జ్ఞా’ యంత్రానికి జ, పొల్లు, ఞ, దీర్ఘం అనే నాలుగు వేర్వేరు గుర్తులు. వాటిని చదివి ఏది వత్తు కావాలో, ఏది పైన కూర్చోవాలో నిర్ణయించి బొమ్మగా అల్లడం లోపలి ప్రోగ్రాము పని. ఇవి కాక కంటికి కనిపించని గుర్తు ఒకటి ఉంది. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ట్ కింద వ వత్తు చేరకుండా ఆపేది అదే. ఆ గుర్తు ‘జ్ఞ’కూ దీర్ఘానికీ మధ్య చొరబడినప్పుడు ఆపిల్ ప్రోగ్రాము లెక్క తప్పి కూలిపోయేది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లో కూడా ఇటువంటి కూర్పులు దొరికాయి గాని, పేరు మాత్రం మన అక్షరానికే వచ్చింది. ఫిబ్రవరి 19న విడుదలైన 11.2.6తో ఆపిల్ దాన్ని సరిదిద్దింది. ‘కిల్లర్ లెటర్’ అంటూ మన లిపినేదో దోషిగా నిలబెట్టిన ఆనాటి శీర్షికలు నాకు నచ్చలేదు. తప్పు అల్లేవాడిది, నూలుది కాదు.

మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. ఒక ఎస్ఎంఎస్‌లో పట్టేది 140 బైట్లు, అంటే 1,120 బిట్లు. ఇంగ్లీషు గుర్తుకు 7 బిట్లు చాలు గనుక 160 గుర్తులు పడతాయి. తెలుగు గుర్తుకు సాధారణంగా 16 బిట్లు కావాలి గనుక 70తోనే నిండిపోతుంది. పైగా మనం ఒక అక్షరం అనుకునేది అక్కడ ఒకటి కాదు. ‘స్త్రీ’ అని రాస్తే స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం కలిపి ఆరు గుర్తులు ఖర్చవుతాయి. ఇంటర్నెట్‌లో వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. ‘నెల్లూరు’ 24 బైట్లయితే, ఇంగ్లీషులో అదే పేరు 7 బైట్లతో ముగుస్తుంది. ఫోటోలు, వీడియోల ముందు ఈ తేడా లెక్కలోకి రాదు గాని, బైట్లను ఆధారం చేసుకుని వాక్యాన్ని ముక్కలుగా కోసి, ముక్కల లెక్కన డబ్బు తీసుకునే కృత్రిమ మేధ సేవల్లో తెలుగుకు ఎక్కువ చెల్లించవలసి రావడం చిన్న విషయం కాదు. కొత్త నమూనాల్లో ఈ తేడా తగ్గుతూ వస్తోంది.

ప్రశ్న: రొయ్యల గుంటల్లో ఆక్సిజన్ తగ్గితే ఫోనుకు హెచ్చరిక పంపే పరికరం కొనమని ఏజెంటు వెంటపడుతున్నాడు. తీసుకోవచ్చా?
– ఆక్వా రైతు, ఇందుకూరుపేట మండలం

జవాబు: పరికరం పనికొచ్చేదే, అయితే దాన్ని నమ్ముకుని నిద్రపోవడం తగదు. పగలు నీటిలోని నాచు ఆక్సిజన్‌ను వదులుతుంది. చీకటి పడ్డాక ఆ రాబడి ఆగిపోయి, రొయ్యలూ నాచూ అడుగున కుళ్లే మేతా అన్నీ వాడుకోవడమే మిగులుతుంది గనుక తెల్లవారుజామున నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ (డీఓ) అట్టడుగు స్థాయికి చేరుతుంది. 30 డిగ్రీల వేడిలో మంచినీరే లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములకు మించి ఆక్సిజన్‌ను పట్టుకోలేదు, ఉప్పునీరు ఇంకా తక్కువ. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే దిగనివ్వకూడదని అంటారు గనుక మీ చేతిలో ఉండే వెసులుబాటు కొద్దిపాటిదే. సెన్సర్ కొనపై రెండు మూడు రోజుల్లోనే పాకుడు పొర కట్టి అంకెలు తప్పుగా చూపవచ్చు కాబట్టి దాన్ని తుడిచే పని ఎవరిదో ముందే తేల్చుకోండి. ఏజెంటును మరొక మాట అడగండి: కరెంటు పోయి ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) ఆగినప్పుడే హెచ్చరిక అత్యవసరం కదా, అదే సమయంలో సెల్ టవర్ కూడా ఆగితే కబురు ఎలా వస్తుంది? దీనికి సూటిగా జవాబు రాకపోతే ఆ డబ్బుతో, కరెంటు పోగానే గట్టు మీద మోగే బ్యాటరీ సైరనూ, డీజిల్ జనరేటరుకు మరమ్మతూ చేయించుకోవడం మేలు.

ప్రశ్న: మా సైదాపురం వైపు ఒకప్పుడు మైకా గనులంటే ఎంతో పేరు. ఇప్పటి ఎలక్ట్రానిక్స్‌లో దానికి చోటుందా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, గూడూరు

జవాబు: రేడియో వాల్వుల కాలంలో ఉన్నంత లేదు. కాగితం కంటే పలుచని రేకులుగా విడిపోతూ, విద్యుత్తును దాటనివ్వకుండా, 500 డిగ్రీల వేడికి కూడా చెక్కుచెదరని పదార్థం అప్పట్లో మరొకటి చవకగా దొరకలేదు. వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లు రావడం, విద్యుత్తును కాసేపు నిల్వచేసే కెపాసిటర్లలో మైకా బదులు సెరామిక్ స్థానం సంపాదించడం గిరాకీని దెబ్బతీశాయి. అయినా అది మీ వంటింట్లోనే ఉంది. మైక్రోవేవ్ ఓవెన్ లోపల పక్కగోడకు అట్టముక్కలా కనిపించే బూడిద రంగు పలక సాధారణంగా మైకాయే. అనవసరమైన అట్ట అనుకుని దాన్ని పీకేయకండి. నూనె చిట్లి నల్లబడితే మెరుపులు వస్తాయి, అప్పుడు కొత్త ముక్కను కొలత ప్రకారం కత్తిరించి పెట్టుకోవాలి. ఎలక్ట్రిక్ వాహనాల బ్యాటరీల్లో ఒక సెల్ మంట పక్క సెల్‌కు పాకకుండా మైకా పలకలు అడ్డం పెడుతున్నారు. పాత సరుకుకు ఇది కొత్త బేరం.

ప్రశ్న: విండోస్ 10 ఆగిపోయిందట, కంప్యూటరు మార్చక తప్పదని షాపతను అంటున్నాడు.
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ఆగిపోలేదు. మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో దానికి ఉచిత భద్రతా మరమ్మతులు మాత్రమే ఆపింది. ఇళ్లలో వాడేవారు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు అవి అందుతాయి. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్‌లో అయితే సాధారణంగా ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. ఇవి లేకపోయినా విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని పాత కంప్యూటరును ఇంకొన్నేళ్లు నడపవచ్చు, అందులో తెలుగు టైపింగ్ కూడా చేసుకోవచ్చు. బ్యాంకు పనులు చేసే కంప్యూటరయితే మాత్రం వాయిదా వేయవద్దు.

ప్రశ్న: చీమకుర్తి గెలాక్సీ రాయిలో మెరిసేది బంగారమేనా?
– ఇంటర్ విద్యార్థి, సింగరాయకొండ

జవాబు: కాదు. బ్రాంజైట్ అనే, ఇనుము, మెగ్నీషియం కలిసిన సిలికేట్ ఖనిజం.