టెక్ సందేహాలు: మెదడులో పెట్టే పరికరాన్ని హ్యాక్ చేస్తారా?

ప్రశ్న: మా నాన్నకు పార్కిన్సన్స్. మందులతో వణుకు ఆగడం లేదు. మెదడులో పేస్‌మేకర్ లాంటిది పెట్టించుకోవచ్చని హైదరాబాద్‌లో డాక్టర్ చెప్పారు. దాన్ని ఫోన్‌తో హ్యాక్ చేసి మనిషిని ఆడించొచ్చని యూట్యూబ్‌లో చూసినప్పటి నుంచి ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
– మిర్యాలగూడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆ వీడియో చూసి ఆపరేషన్ మానుకోకండి. డాక్టర్ చెప్పింది డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్) గురించి. మెదడులోకి సన్నని వైరు పంపి, ఛాతీ పైభాగంలో చర్మం కింద బ్యాటరీ పెడతారు. అది సన్నగా కరెంటు పంపి వణుకు తగ్గిస్తుంది, ఆలోచనలు చదవదు. ఎలాన్ మస్క్ కంపెనీ న్యూరాలింక్ 2024 జనవరిలో మొదటిసారి మనిషికి అమర్చిన చిప్ వేరు. అది 1,024 ఎలక్ట్రోడ్లతో మెదడు సంకేతాలను పట్టి కంప్యూటర్‌కు అందిస్తుంది. వీడియోల్లో ఈ రెండింటినీ కలిపేస్తున్నారు.

అలాగని మీ భయం ఉత్తదే అనను. 2008లో అమెరికా పరిశోధకులు గుండెకు పెట్టే ఒక పరికరాన్ని రేడియో సంకేతాలతో ల్యాబ్‌లో లొంగదీసి చూపించారు. 2017లో అక్కడే సుమారు 4,65,000 పేస్‌మేకర్లకు భద్రతా అప్‌డేట్ ప్రకటించారు. ఆ భద్రతా లోపాలవల్ల ఎవరికీ హాని జరిగినట్టు మాత్రం బయటపడలేదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది కంపెనీ చేతులెత్తేయడం. చూపు పోయినవారి కంట్లో అమర్చే ఆర్గస్ 2ను 350 మందికి పైగా పెట్టించుకున్నారు. తర్వాత సెకండ్ సైట్ కంపెనీ దాన్ని వదిలేసింది. పాడైతే బాగుచేసేవాళ్లు లేకుండా పోయారు. అందుకే ఆపరేషన్‌కు ముందే గట్టిగా అడగండి: ఈ మోడల్‌కు అప్‌డేట్లు ఎవరిస్తారు, ఎన్నేళ్లు ఇస్తారు? పరికరాన్ని అదుపుచేసే రిమోట్ పోతే కొత్తది ఎక్కడ దొరుకుతుంది? రిమోట్‌గా ఫోన్ లాంటిది ఇస్తే, దాన్ని పిల్లల చేతికి ఇవ్వకండి.

హ్యాకర్లకన్నా దగ్గరలో ఉన్న ప్రమాదం ఇంకొకటుంది. మోకాళ్ల నొప్పులకు ఫిజియోథెరపీ సెంటర్లలో డయాథర్మీ అనే వేడి చికిత్స ఇస్తారు. డీబీఎస్ ఉన్నవారికి అది ప్రాణాల మీదకు తేవచ్చు. ఒంట్లో పరికరం ఉందని తెలిపే ఇంప్లాంట్ కార్డు నాన్నగారి జేబులో ఎప్పుడూ ఉండాలి. ఎమ్మారై తీయించేముందు కూడా దాన్ని చూపించండి.

ప్రశ్న: ఎప్‌సెట్‌కు చదువుతున్నా. ఏకాగ్రత పెంచుతుందంటున్న బ్రెయిన్ హెడ్‌సెట్ కొనొచ్చా?
– మహబూబ్‌నగర్ నుంచి ఒక విద్యార్థిని

జవాబు: వద్దమ్మా. తలకు పెట్టుకుంటే మెదడు తరంగాలను కొలిచే ఇలాంటి గేమింగ్ హెడ్‌సెట్లతోనే 2012లో పరిశోధకులు బ్యాంకుల బొమ్మలు, అంకెల బొమ్మలు చూపించి, ఆ తరంగాలను బట్టి రహస్య వివరాలను కొంతవరకు ఊహించగలిగారు. ఇప్పటికే కొనేసి ఉంటే, యాప్‌లో డేటా షేరింగ్ ఆపేసి, అకౌంట్ డిలీట్ చెయ్యి.