పాయింట్ టూ టూ రైఫిల్ ఏది కొనాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం .22 రిమ్‌ఫైర్ రైఫిళ్ల (తూటా అడుగు అంచు మీద పిన్ను కొడితే పేలేవి) గురించే. అమెరికాలో ఉన్న మనవాళ్లు సాధన కోసం, వేట కోసం అడిగారు. హైదరాబాద్ నుంచి పోటీల కోసం అడిగారు. రెండు దేశాల చట్టాలకూ పొంతన లేదు. ఏ జవాబు ఏ దేశానికి చెందిందో చూసుకుని చదవండి.

ప్రశ్న: ఈ మధ్యే గ్రీన్‌కార్డ్ వచ్చింది. వారాంతాల్లో రేంజికి వెళ్లి గురి నేర్చుకోవాలని ఉంది. మొదటి రైఫిల్‌గా రూగర్ 10/22 తీసుకోమని ఒకరు, బోల్ట్ యాక్షన్ తీసుకోమని ఇంకొకరు చెబుతున్నారు. ఏది మంచిదండీ? (పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్)

గురి నేర్చుకోవడమే మీ ఉద్దేశమైతే బోల్ట్ యాక్షనే తీసుకోండి. ప్రతి గుండుకూ బోల్ట్ వెనక్కి లాగి, ముందుకు తోసి, మళ్లీ కుదురుకుని కాల్చాలి. ఆ విరామంలోనే ఊపిరి, చెంప ఆనించే చోటు, ట్రిగ్గర్ మీద వేలు సర్దుకుంటాయి. 10/22 లాంటి సెమీ ఆటోమేటిక్ (కాల్చగానే తర్వాతి తూటాను తనంతట తానే ఎక్కించుకునేది) చేతిలో ఉంటే మొదటి గుండు ఎందుకు పక్కకు పోయిందో ఆలోచించేలోపే ఇంకో మూడు వెళ్లిపోతాయి.

10/22 చెడ్డ రైఫిలని కాదు. 1964 నుంచీ వస్తోంది, విడిభాగాలు దొరకని ఊరుండదు, పది రౌండ్ల రోటరీ మ్యాగజైన్ చాలా నమ్మకమైనది. దాని లోపాలు రెండు. కంపెనీ నుంచి వచ్చే ట్రిగ్గర్ బరువు, దాదాపు ఆరు పౌండ్లు లాగాలి. అదే కంపెనీ అమ్మే బీఎక్స్ ట్రిగ్గర్ వేస్తే మూడు పౌండ్ల లోపుకు వస్తుంది. రెండోది, రిసీవర్ (బోల్ట్ ఉండే పెట్టె) వెనుక భాగం మూసి ఉంటుంది. శుభ్రం చేసే రాడ్‌ను మూతి (గుండు బయటికి వచ్చే కొస) వైపు నుంచే దూర్చాలి. మూతి అంచు ఏ కొంచెం దెబ్బతిన్నా గురి పోతుంది. అందుకని ఆ రైఫిల్‌కు రాడ్ వద్దు, ఛాంబర్ (తూటా కూర్చునే గది) నుంచి మూతి వైపు లాగే తాడు బ్రష్ వాడండి.

బోల్ట్ యాక్షన్లలో సీజెడ్ 457 మా మొదటి ఎంపిక. బోల్ట్ 60 డిగ్రీలే తిరుగుతుంది కాబట్టి స్కోప్‌కు తగలదు, ట్రిగ్గర్‌ను సర్దుకోవచ్చు, కావాలంటే తర్వాత బ్యారెల్ కూడా మార్చుకోవచ్చు. టిక్కా టీ1ఎక్స్ దానికి ఏ మాత్రం తీసిపోదు. డబ్బు కాస్త చూసుకోవాలంటే సావేజ్ మార్క్ 2 గానీ, రూగర్ అమెరికన్ రిమ్‌ఫైర్ గానీ. ఈ రెండోదానికి 10/22 మ్యాగజైన్లే సరిపోతాయి, ఇంట్లో రెండూ ఉంటే అది పెద్ద సౌకర్యం. సావేజ్ కొంటే మ్యాగజైన్ నోటి రేకుల మీద ఓ కన్నేసి ఉంచండి. అవి వంగితే తూటా ముక్కు ఛాంబర్ అంచుకు గుద్దుకుని సీసం చెక్కుకుపోతుంది. రైఫిల్ మంచిదే అయినా గుండ్లు చెదిరిపోతుంటే చాలాసార్లు కారణం అదే.

బ్యారెల్ పొడుగ్గా ఉంటే గుండు బలంగా వెళ్తుందన్న మాట .22కు వర్తించదు. ఇందులో మందు చాలా తక్కువ, 16 నుంచి 18 అంగుళాల్లోపే కాలిపోతుంది. అంతకుమించిన పొడవు చేతిలో నిలకడకు, స్కోప్ లేకుండా బ్యారెల్ మీది గురితో కాల్చేవాళ్లకు పనికొస్తుంది తప్ప వేగం పెంచదు.

ప్రశ్న: నాది హెచ్-1బీ. స్నేహితుడి రైఫిల్‌తో రేంజిలో కాలిస్తే ఇబ్బంది ఉంటుందా? (పాఠకుడు, షార్లెట్, నార్త్ కరోలినా)

ఉంటుంది. కొనకపోతే చాలు, చేత్తో పట్టుకుంటే ఏమవుతుందిలే అనుకోకండి. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రేంజిలో గంటసేపు అద్దెకు తీసుకున్నా అది దగ్గర పెట్టుకోవడం కిందికే వస్తుంది. శిక్ష 15 ఏళ్ల దాకా ఉండొచ్చు, వీసా సంగతి సరేసరి.

చట్టంలో ఉన్న మినహాయింపుల్లో మనవాళ్లకు పనికొచ్చేది ఒకటి: ఏదైనా అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్. అది జేబులో ఉంటే కాల్చవచ్చు, కొనవచ్చు కూడా. దుకాణంలో 4473 ఫారం (తుపాకీ కొనేవారు నింపే ఫెడరల్ పత్రం) నింపేటప్పుడు ఆ లైసెన్స్ చూపించాలి. ఇక్కడే చాలామంది ఏమరుపాటుగా ఉంటారు. ఉదాహరణకు టెక్సస్ వార్షిక వేట లైసెన్స్ ఆగస్టు 31తో ముగుస్తుంది. కొత్తది తీసుకోకపోతే సెప్టెంబరు 1న అల్మారాలో ఉన్న రైఫిల్ మీకు నేరమవుతుంది. కొన్ని రాష్ట్రాలు వీటికి తోడు తమ సొంత షరతులు పెట్టాయి. న్యూజెర్సీలో గ్రీన్‌కార్డ్ ఉన్నవారైనా, పౌరులైనా ముందు కొనుగోలుదారు గుర్తింపు కార్డు తీసుకోవాల్సిందే. స్టేటస్ మార్పు దరఖాస్తు మధ్యలో ఉన్నవారు వకీలును అడగకుండా అడుగు వేయవద్దు.

ప్రశ్న: అదే రైఫిల్, అదే స్కోప్. ఒక డబ్బా తూటాలతో 50 గజాల దగ్గర రెండంగుళాల గ్రూప్ (గుండ్లు పడిన రంధ్రాల గుంపు) వస్తోంది, ఇంకో డబ్బాతో అరంగుళం. రైఫిల్ చెడిపోయిందా? (పాఠకుడు, ఆస్టిన్, టెక్సస్)

రైఫిల్‌కు ఏమీ కాలేదు. .22 లాంగ్ రైఫిల్ తూటా తయారీలోనే ఆ తేడా ఉంది. మంటపెట్టే మసాలా తూటా అడుగున మధ్యలో కాకుండా, అంచు మడత లోపల వలయంలా ఉంటుంది. తయారీలో తడి మసాలాను గుండ్రంగా తిప్పి ఆ మడతలోకి నెడతారు. అది అంతటా సమంగా పరుచుకోకపోతే ఒక్కో తూటా ఒక్కో రకంగా అంటుకుంటుంది, వేగం మారుతుంది. సెకనుకు 30 అడుగుల తేడా వస్తే 50 గజాల దగ్గర పావు అంగుళం కూడా కనపడదు. 100 గజాల దగ్గర మాత్రం ముప్పావు అంగుళానికి పైనే నిలువుగా చెదురుతుంది. మీ గ్రూప్ అడ్డంగా కాకుండా నిలువుగా సాగితే ముందు తూటాలనే అనుమానించండి.

ఇంకో కారణం వేగం. హై వెలాసిటీ తూటా మూతి దగ్గర సెకనుకు 1,235 అడుగుల చుట్టుపక్కల బయల్దేరి, దారిలో ధ్వని వేగం కిందికి దిగుతుంది. అలా దిగేటప్పుడు ఊగుతుంది. 1,070 అడుగుల స్టాండర్డ్ వెలాసిటీ తూటా మామూలు వాతావరణంలో మొదటి నుంచీ ధ్వనికి కిందే ఉంటుంది కాబట్టి ఆ బాధ లేదు. చాలామంది నమ్మని సంగతి ఇంకొకటి ఉంది. పక్క గాలికి వేగంగా వెళ్లే తూటాయే ఎక్కువ జరుగుతుంది. గంటకు పది మైళ్ల పక్క గాలిలో 100 గజాల దగ్గర స్టాండర్డ్ సుమారు నాలుగంగుళాలు జరిగితే, హై వెలాసిటీ అయిదు దాటుతుంది. ధ్వని వేగం దగ్గర గాలి నిరోధం అమాంతం పెరగడమే దానికి కారణం.

ఏ బ్యారెల్‌కు ఏ తూటా నచ్చుతుందో కాల్చి చూస్తే తప్ప తెలియదు. సీసీఐ స్టాండర్డ్, ఎస్కే స్టాండర్డ్ ప్లస్, ఎలీ, లాపువా సెంటర్-ఎక్స్, ఫెడరల్ వంటి అయిదు రకాలు ఒక్కో డబ్బా తెచ్చుకోండి. గాలి లేని ఉదయం 50 గజాల దగ్గర, ముందూ వెనకా ఇసుక సంచుల మీద రైఫిల్ ఆనించండి. రకం మార్చిన ప్రతిసారీ మొదటి పది గుండ్లు లెక్కలోకి తీసుకోకండి. గుండు మీది మైనం ఒక్కో కంపెనీది ఒక్కో రకం, బ్యారెల్‌లో పాతది పోయి కొత్తది పట్టాలి. ఆ తర్వాత అయిదేసి గుండ్ల గ్రూప్‌లు అయిదు కాల్చండి. దూరంగా ఉన్న రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య కొలిచి, అందులోంచి 0.22 అంగుళం తీసేయండి. ఒక్క మంచి గ్రూప్ చూసి మురిసిపోవద్దు, అయిదింటి సగటు చూడండి. గెలిచిన రకం డబ్బా మీద లాట్ నంబరు ఉంటుంది, అదే నంబరువి కుదిరినన్ని కొని పెట్టుకోండి. పేరు ఒకటే అయినా లాట్ మారితే ఫలితం మారుతుంది.

ఒక హెచ్చరిక. సీసీఐ స్టింగర్ ఇత్తడి గొట్టం మామూలు దానికంటే పొడుగు. పోటీల కోసం బిగుతుగా చేసిన మ్యాచ్ ఛాంబర్ ఉన్న రైఫిళ్లలో అది వాడకూడదు.

ప్రశ్న: స్కోప్ ఎలాంటిది? (పాఠకురాలు, అట్లాంటా)

రిమ్‌ఫైర్ అని రాసి ఉన్నదే కొనండి, లేదా పారలాక్స్ సర్దుకునేది కొనండి. పెద్ద రైఫిళ్ల స్కోప్‌లను 100 గజాలకో అంతకంటే దూరానికో సరిచేసి పంపుతారు. వాటితో 50 గజాల దగ్గర చూస్తూ తల అటూ ఇటూ కదిపితే గీతలు లక్ష్యం మీద జారిపోతాయి, పారలాక్స్ అంటే అదే. స్కోప్‌ను బిగించే రింగులు కొనేముందు రైఫిల్ పైభాగం 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిలా, వీవర్ రైలా చూసుకోండి, ఒకదానివి ఇంకోదానికి పట్టవు. స్కోప్ మర ఒక్కసారి టక్‌మని తిరిగే పావు ఎంఓఏ (కోణం కొలత) క్లిక్ అంటే 100 గజాల దగ్గర పావు అంగుళం, 50 దగ్గర అందులో సగం. 50 గజాలకు జీరో చేస్తే (గీతల మధ్యే గుండు పడేలా సర్దితే) 100 దగ్గర తూటా రకాన్ని బట్టి సుమారు ఆరేడు అంగుళాలు కిందికి పడుతుంది. ఆ లెక్క కాగితం మీద కాల్చి రాసుకోండి.

ప్రశ్న: ఉడుతలు, కుందేళ్ల వేటకు .22 చాలా, లేక .17 హెచ్ఎంఆర్ కావాలా? (పాఠకుడు, హ్యూస్టన్)

తినడానికి వేటాడేవారికి .22 లాంగ్ రైఫిలే సరైనది. 36 నుంచి 40 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) హాలో పాయింట్, అంటే ముక్కు గుల్లగా ఉండే గుండు, తీసుకోండి, తలకే గురిపెట్టండి. ఎంత దూరం దాకా కాల్చవచ్చో రైఫిల్ చెప్పదు, మీ చేయి చెబుతుంది. బెంచి మీద కాదు, అడవిలో కూర్చునే భంగిమలో అయిదు గుండ్లు ఒకటిన్నర అంగుళంలో పడే దూరమే మీ హద్దు. చాలామందికి అది 50 గజాల లోపే ఉంటుంది. ఆ హద్దు దాటి కాలిస్తే గాయపడిన జంతువు పొదల్లోకి పాకిపోయి చస్తుంది. అలాంటి గుండు కాల్చకపోవడమే వేటగాడి బాధ్యత.

.17 హెచ్ఎంఆర్ 17 గ్రెయిన్ల చిన్న గుండు, సెకనుకు 2,550 అడుగులు. 100 గజాలు దాటిన ప్రెయిరీ డాగ్‌లకు (బొరియల్లో ఉండే ఉడుత జాతి జంతువులకు) బాగుంటుంది. మాంసాన్ని మాత్రం ఛిద్రం చేస్తుంది, తూటాల ఖర్చూ ఎక్కువే. .22 మ్యాగ్నమ్ కొంటే దాని ఛాంబర్‌లో మామూలు .22 తూటా పెట్టవద్దు. ఛాంబర్ వెడల్పు కాబట్టి ఇత్తడి పగిలి మంట వెనక్కి కొడుతుంది.

టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ తర్వాత గానీ పుట్టినవారికి వేట శిక్షణ కోర్సు తప్పనిసరి. కుందేళ్లకు మూసివేత కాలం లేదు, లైసెన్స్ మాత్రం ఉండాలి. జింకలను రిమ్‌ఫైర్‌తో కాల్చడం అక్కడ నిషేధం. కాలిఫోర్నియాలో ఉన్నవారు గుర్తుంచుకోవాల్సింది, 2019 జులై 1 నుంచి ఏ జంతువు వేటకైనా సీసం లేని తూటాలే వాడాలి. 21 గ్రెయిన్ల రాగి తూటాలు వస్తున్నాయి. అవి అన్ని బ్యారెళ్లకూ కుదరవు, ముందే కాల్చి చూసుకోండి.

.22 చిన్నదని చులకన వద్దు. గుండు మైలుకు పైగా వెళ్తుంది, నీటి మీదా రాతి మీదా పడి ఎగురుతుంది. చిటారు కొమ్మన ఆకాశం వెనకగా కనపడే ఉడుతను కాల్చకండి. అది చెట్టు బోదె మీదికి వచ్చేదాకా ఆగండి.

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్లు. ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. ఇప్పుడే .22 కొనిపెట్టాలా? (పాఠకురాలు, హైదరాబాద్)

వద్దమ్మా. 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్, శక్తి 20 జౌళ్ల లోపుంటే, మన దేశంలో లైసెన్స్ లేకుండా కొనవచ్చు. .22 అలా కాదు, 1959 ఆయుధాల చట్టం కిందికి వస్తుంది. సొంత లైసెన్స్‌కు 21 ఏళ్లు నిండాలి. అంతవరకూ క్లబ్ రైఫిల్‌తో, లైసెన్స్ ఉన్న శిక్షకుడి సమక్షంలోనే సాధన. లైసెన్స్ దరఖాస్తు నగరంలో పోలీస్ కమిషనర్‌కు, జిల్లాల్లో కలెక్టర్‌కు పెట్టుకోవాలి. నగరంలో గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలోని రేంజికి వెళ్లి చూడండి. కాలేజీలో ఎన్‌సీసీలో చేరితే అక్కడా పాయింట్ టూ టూ చేతికొస్తుంది.

పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. 50 మీటర్ల .22లో పది పాయింట్ల వలయం 10.4 మిల్లీమీటర్లు. మొదటిదానిలో నిలకడ వచ్చినవారికి రెండోదానిలో కొత్తగా నేర్వాల్సినవి గాలి, మోకాలి భంగిమ, పడుకుని కాల్చడం. మోకాలిపై 20, పడుకుని 20, నిలబడి 20 గుండ్లు కాల్చే ఈ పోటీలోనే స్వప్నిల్ కుసాలే 2024 పారిస్‌లో కాంస్యం తెచ్చాడు. హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ కాంస్యం ఎయిర్ రైఫిల్‌లోది.

కొనే రోజు వచ్చినప్పుడు ముందు స్టాక్ కొలత చూడండి. ట్రిగ్గర్ నుంచి భుజం దాకా దూరం, చెంప ఎత్తు, భుజం పట్టీ మూడూ సర్దుకునేలా ఉండాలి. నిబంధన ప్రకారం గరిష్ఠ బరువు 8 కిలోలు. అది హద్దే గానీ లక్ష్యం కాదు. పెరిగే పిల్లలు అంత బరువు మోస్తే నడుము వంచి ఆనుకునే అలవాటు పడుతుంది, అది పోగొట్టడం కష్టం.

ప్రశ్న: అడవి పందులు మొక్కజొన్న తినేస్తున్నాయి. లైసెన్స్ ఉన్న .22తో కాల్చవచ్చా? (రైతు, నిర్మల్ జిల్లా)

కాల్చకూడదండీ. తుపాకీ లైసెన్స్ వేటకు అనుమతి కాదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అధికారి రాతపూర్వక ఉత్తర్వు లేకుండా పందినే కాదు, కుందేలును కొట్టినా కేసే. పంట నష్టం ఫోటోలతో అటవీ శాఖకు దరఖాస్తు పెట్టండి. ఉత్తర్వు వచ్చినా .22 ఆ పనికి పనికిరాదు. పంది భుజం మీది దళసరి చర్మాన్ని, ఎముకను దాటే బలం దానికి లేదు. గాయపడిన పంది మనిషి మీదికి వస్తుంది.

ప్రశ్న: ట్రిగ్గర్ నొక్కితే టక్‌మని ఆగిపోతోంది, తూటా పేలడం లేదు. (పాఠకుడు, సిడ్నీ)

మూతి లక్ష్యం వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి. మసాలా ఆలస్యంగా అంటుకోవచ్చు. తర్వాత తూటా బయటికి తీసి అంచు మీద పిన్ను పడిన నొక్కు చూడండి. నొక్కు లోతుగా ఉంటే ఆ చోట మసాలా లేదు. సగం తిప్పి మళ్లీ పెడితే తరచుగా పేలుతుంది. నొక్కు తేలిగ్గా ఉంటే తప్పు తూటాది కాదు. బోల్ట్ లోపల నూనె, మైనం కలిసి జిడ్డు కట్టి పిన్నును ఆపుతున్నాయి. బోల్ట్ విప్పి, పెట్రోలియం స్పిరిట్‌తో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, నూనె దాదాపు లేకుండా బిగించండి. ఛాంబర్ ముందు అంచున నల్లటి మసి వలయం కూడా చూడండి. అది పేరుకుంటే తూటా పూర్తిగా లోపలికి కూర్చోదు, పిన్ను దెబ్బలో కొంత తూటాను ముందుకు నెట్టడానికే పోతుంది. కార్బన్ ద్రావకంలో తడిపిన ఇత్తడి బ్రష్‌ను ఛాంబర్ వైపు నుంచి ఆ వలయం దగ్గర తిప్పితే ఊడుతుంది.