రంగు ముద్దకట్టి ముఖం మూసుకుపోతే

విజయనగరం నుంచి రాసిన తమ్ముడూ, నీ మొదటి బుల్లి సైనికుడి బొమ్మకు రంగు ముద్దకట్టి కళ్లూ ముక్కూ పూడిపోయాయనీ, పట్టుకుంటే పెచ్చులూడుతోందనీ అన్నావు. టెన్షన్ పడకు. అవి రెండూ వేరు వేరు తప్పులు.

పెచ్చులూడేది ప్రైమర్, అంటే రంగు పట్టి ఉండటానికి ముందుగా వేసే పూత, వేయకపోవడం వల్ల. ముందు బొమ్మను సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో, పాత టూత్‌బ్రష్‌తో కడిగి ఆరబెట్టు. అచ్చులోంచి సులువుగా రావడానికి పూసిన జిడ్డు దాని మీద మిగిలి ఉండొచ్చు. తర్వాత ప్రైమర్. వానాకాలంలో స్ప్రే డబ్బా జోలికి మాత్రం పోకు. మా శ్రీకాకుళంలో ముసురు పట్టిన రోజు డాబా మీద కొట్టాను, గాలిలో తేమకి బొమ్మంతా ఇసుక చల్లినట్టు గరుకుగా తేలింది. అప్పట్నుంచి బ్రష్‌తో వేసే ప్రైమరే వాడుతున్నాను.

ముద్దకట్టేది అక్రిలిక్‌ని, అదే నీళ్లలో కలిసే రంగుని, సీసాలోంచి తీసి నేరుగా పూయడం వల్ల. కొంచెం నీళ్లు కలిపి పాలంత పలచన చెయ్యి. మొదటి పూత మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది, అక్కడే అందరం కంగారుపడి ఇంకా రుద్దేస్తాం. పూర్తిగా ఆరనిచ్చి రెండోది వెయ్యి. టిఫిన్ డబ్బాలో తడి స్పాంజి పెట్టి, పైన బటర్ పేపర్ పరిస్తే కలిపిన రంగు గంటల తరబడి ఆరదు.

28 మిల్లీమీటర్ల బొమ్మే కదా అని 000 నంబరు సన్నటి బ్రష్ కొనకు, బొమ్మ దాకా వచ్చేలోపే మొన మీద రంగు ఎండిపోతుంది. మొన బాగున్న 1 నంబరు చాలు.

కళ్లు ఇప్పుడే దిద్దకు. ముదురు గోధుమరంగు వాష్, అంటే నీళ్లలా పలచగా ఉండే రంగు, పూస్తే గుంటల్లోకి దిగి నీడ దానంతటదే వస్తుంది.